ఒకే చిన్నారికి నలుగురు కోఆర్డినేటర్లు: పని ఎవరిది, బిల్లు ఎవరిది?

అమెరికా పిల్లల డాక్టర్ల బిల్లింగ్ చూసే హైదరాబాద్ టీముల్లో ఏదో ఒక రాత్రి ఈ మెయిల్ వచ్చి తీరుతుంది: “ఈ పాపకి మార్చి నెల కేర్ మేనేజ్‌మెంట్ క్లెయిమ్ డినై అయింది. అదే సర్వీసుకి ఇంకెవరికో డబ్బు కట్టేశారట. ఆ ఇంకెవరో ఎవరు?” క్లినిక్‌కి తెలియదు. మన ఏఆర్ కాలర్ (రావాల్సిన బకాయిల కోసం ఫోన్ చేసేవారు) ముప్పావుగంట హోల్డ్‌లో ఉండి అడిగితే, పేయర్, అంటే బిల్లు కట్టాల్సినవాళ్లు, ప్రైవసీ అంటారు. ఆ ఇంకెవరో ఎవరన్నది బాగా తెలిసిన మనిషి ఒక్కరే, పాప తల్లి. ఆమెను మాత్రం ఎవరూ అడగరు.

ఈ పనిలోకి వచ్చిన కొత్తలో నేను దీన్ని డినయల్ (క్లెయిమ్ తిరస్కరణ) సమస్య అనుకున్నాను. అప్పీల్ లెటర్ గట్టిగా రాస్తే చాలనుకున్నాను. కానీ డినయల్ వచ్చేసరికే చేయి దాటిపోయి ఉంటుంది. తేల్చుకోవాల్సింది నెల మొదట్లో, క్లెయిమ్ పుట్టకముందే. ఇది కొత్తగా పీడియాట్రిక్ అకౌంట్‌కి మారిన బిల్లర్ల కోసం, అక్కడి క్లినిక్కుల్లో, ఏజెన్సీల్లో కోఆర్డినేటర్లుగా ఉన్న మనవాళ్ల కోసం రాస్తున్నాను. మెడికెయిడ్ (తక్కువ ఆదాయం వాళ్లకి, వికలాంగులకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) ఉన్న, మూడేళ్లు నిండని పిల్లల వరకే ఇందులో చెబుతాను. మెడికెయిడ్‌ను ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం నడుపుకుంటుంది. అందుకని కోడు, రేటు, యూనిట్ లెక్క మారుతుంటాయి. నేను ఫెడరల్ నియమం అన్నచోట అది అన్ని రాష్ట్రాలకీ ఉంటుంది. మిగతా అన్నిటికీ మీ రాష్ట్ర ప్రొవైడర్ మాన్యువల్‌దే చివరి మాట.

ఒక సంగతి ముందే చెప్పుకుందాం. ఒక పాపకి ముగ్గురు కోఆర్డినేటర్లు ఉండటం తప్పు కాదు. టార్గెటెడ్ కేస్ మేనేజ్‌మెంట్ (ఎంచుకున్న ఒక గుంపుకి మెడికెయిడ్ ఇచ్చే కోఆర్డినేషన్ సేవ, వివరం కింద ఉంది) ఫైల్లో ఏమేం ఉండాలో చెప్పే ఫెడరల్ నియమంలోనే, ఇతర కేస్ మేనేజర్లతో మాట్లాడాల్సిన అవసరం ఏమిటి, ఎప్పుడు మాట్లాడారు అన్నది రాయాలని ఉంది. అంటే ఇతరులు ఉంటారని నియమం రాసినవాళ్లకీ తెలుసు. ఒకే పనికి రెండుసార్లు డబ్బు తీసుకోవడమే తప్పు.

1. ముందు మనుషుల లెక్క తేల్చండి

ఒక పాపను ఊహించుకుందాం. 26 వారాలకే పుట్టింది. ఇప్పుడు 14 నెలలు. ఊపిరితిత్తులు ఇంకా బలపడలేదు, కడుపుకి ఫీడింగ్ ట్యూబ్ ఉంది, కూర్చోవడం, మాటలు ఆలస్యం. ఈ పాప చుట్టూ ఎవరెవరు ఉండొచ్చో చూడండి.

మొదటివారు ఎర్లీ ఇంటర్వెన్షన్ సర్వీస్ కోఆర్డినేటర్. వికలాంగ పిల్లల విద్యాచట్టం, అక్కడ అందరూ ‘ఐడియా’ అనే చట్టం, దాని పార్ట్ సి కింద వస్తారు. 1986లో పార్ట్ హెచ్‌గా మొదలై 1997లో పార్ట్ సి అయింది. మూడేళ్లలోపు పిల్లలకు ఎదుగుదల ఆలస్యం ఉంటే, కుటుంబానికి ఒక సర్వీస్ కోఆర్డినేటర్‌ను ఇవ్వాలని చట్టమే చెబుతుంది. రిఫరల్ వచ్చిన 45 రోజుల్లో ఐఎఫ్‌ఎస్‌పీ అనే కుటుంబ ప్రణాళిక మీటింగ్ జరగాలి. ఆరు నెలలకోసారి దాన్ని తిరిగి చూడాలి. ఈ కోఆర్డినేషన్‌కి కుటుంబం నుంచి ఒక్క డాలరు కూడా తీసుకోకూడదు.

రెండోవారు టార్గెటెడ్ కేస్ మేనేజర్. మెడికెయిడ్ చట్టంలోని 1915(జి) సెక్షన్ కింద రాష్ట్రం ఒక గుంపును ఎంచుకుని వాళ్లకి ఇచ్చే సేవ ఇది. ఇందులో నాలుగే పనులు: అవసరాలు అంచనా వేయడం, ప్లాన్ రాయడం, సేవలకు దారి చూపించడం, అవి అందుతున్నాయో లేదో కనిపెట్టుకుని ఉండటం. చాలా రాష్ట్రాల్లో ఎర్లీ ఇంటర్వెన్షన్ కోఆర్డినేటర్ జీతానికి డబ్బు వచ్చేది కూడా ఈ టార్గెటెడ్ కేస్ మేనేజ్‌మెంట్ క్లెయిమ్‌ల నుంచే. అంటే రెండు పేర్లు, మనిషి ఒకరే. దీన్ని తెలియక ఇద్దరనుకుని గాభరాపడ్డవాళ్లను చూశాను.

మూడోవారు హెల్త్ హోమ్ కేర్ మేనేజర్. పేరు చూసి ఇదేదో హోమ్ అనుకోవద్దు, అక్కడ మంచాలేమీ ఉండవు. 2010 నాటి అఫర్డబుల్ కేర్ చట్టం 2703వ సెక్షన్‌తో వచ్చిన కోఆర్డినేషన్ ఏర్పాటు. న్యూయార్క్‌లో పిల్లల కోసం ప్రత్యేక హెల్త్ హోమ్ 2016 డిసెంబరులో మొదలైంది. క్లిష్టమైన జబ్బులున్న పిల్లల కోసం 2019లో ఏస్ కిడ్స్ చట్టం చేశారు. దాని కింద 2022 అక్టోబరు నుంచి రాష్ట్రాలు విడిగా హెల్త్ హోమ్ పెట్టుకోవచ్చు.

నాలుగోది పీడియాట్రిషన్ ఆఫీసు. డాక్టరు, నర్సు ఫోన్లలో చేసే పనికి క్రానిక్ కేర్ (దీర్ఘకాల జబ్బుల) కోడ్లు, ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక చేసే పనికి ట్రాన్సిషనల్ కేర్ కోడ్లు.

ఐదోవారు మేనేజ్డ్ కేర్ ప్లాన్ (రాష్ట్రం తరఫున మెడికెయిడ్ నడిపే ఇన్సూరెన్స్ కంపెనీ) నర్సు. ఈమె క్లెయిమ్ వేయదు. ప్లాన్‌కి నెలనెలా తలకింత అని వచ్చే డబ్బులోనే ఈమె జీతం ఉంటుంది. వేయివర్ (మామూలు మెడికెయిడ్ నియమాలు సడలించి ఇంటి దగ్గర సేవలిచ్చే ప్రత్యేక పథకం) కేస్ మేనేజర్, ఫోస్టర్ కేర్ (సొంత తల్లిదండ్రుల దగ్గర ఉండలేని పిల్లల సంరక్షణ) వర్కర్, ఇంటికొచ్చే హోమ్ విజిటింగ్ నర్సు వీళ్లకు అదనం.

ఇక్కడో ఉచ్చు ఉంది. టార్గెటెడ్ కేస్ మేనేజ్‌మెంట్‌నీ టీసీఎం అంటారు, ట్రాన్సిషనల్ కేర్ మేనేజ్‌మెంట్‌నీ టీసీఎం అంటారు. క్లయింట్ మెయిల్లో “ఈ పాపకి టీసీఎం వేయండి” అని ఉంటే, ఏ టీసీఎం అని తిరిగి అడగండి. అడగడానికి మొహమాటపడి టి1017 (టార్గెటెడ్ కోడ్) వేయాల్సిన చోట 99495 (ట్రాన్సిషనల్ కోడ్) వేసినవాళ్లున్నారు. వాళ్లలో నేనూ ఒకణ్ణి.

మరి వీళ్లలో ఎవరెవరు నిజంగా ఉన్నారో ఎలా తెలుస్తుంది? ఎలిజిబిలిటీ చెక్, అంటే 270 (ప్రశ్న) పంపి 271 (జవాబు) తెప్పించుకుంటే, ప్లాన్ పేరు తెలుస్తుంది. రాష్ట్రాన్ని బట్టి వేయివర్, హెల్త్ హోమ్ వివరం కూడా కనిపించవచ్చు. ఎర్లీ ఇంటర్వెన్షన్ అందులో కనిపిస్తుందన్న భరోసా లేదు. కాబట్టి ఫ్రంట్ డెస్క్ తల్లినే అడగాలి. ఎలా అడుగుతామన్నది ముఖ్యం. “మీకు కేస్ మేనేజర్ ఉన్నారా?” అంటే ఎక్కువమంది లేరనే అంటారు. ఆ హోదాలు వాళ్లకి తెలియవు. “పోయిన నెలలో పాప గురించి మీకు ఎవరెవరు ఫోన్ చేశారు? ఇంటికి ఎవరొచ్చారు?” అని అడగండి. అక్కడి తెలుగు తల్లి అయితే ఇలా చెబుతుంది: “స్పీచ్ వాళ్లని పంపించే ఆవిడ ఒకరు, ఇన్సూరెన్స్ నర్సు ఒకరు, ట్యూబ్ సామాను కోసం ఫోన్ చేసే ఆవిడ ఇంకొకరు.” ముగ్గురూ దొరికిపోయారు. ఫోన్లో ఆ నంబర్లు సేవ్ చేసి ఉంటే అవి కూడా రాసుకోమనండి.

2. ఎవరి గడియారం ఎలా తిరుగుతుందో చూడండి

గొడవల్లో సగం ఇక్కడే పుడతాయి. ఒక్కో సేవకి ఒక్కో గడియారం.

టార్గెటెడ్ కేస్ మేనేజ్‌మెంట్ ఎక్కువగా పదిహేను నిమిషాల యూనిట్లలో వెళ్తుంది, కోడ్ టి1017. కొన్ని రాష్ట్రాలు నెలకింత అని కడతాయి. దానికి టి2023 ఉంది. హెల్త్ హోమ్‌కి సాధారణంగా నెలకొకటే రేటు. ఆ నెలలో చేయాల్సిన పని కనీసం ఒక్కటైనా చేసి, ఫైల్లో రాసి ఉండాలి.

క్రానిక్ కేర్‌ది క్యాలెండర్ నెల. ఒకటో తారీఖున సున్నా నుంచి మొదలై నెలాఖరుకి ఆగుతుంది. కనీసం ఏడాదైనా ఉంటాయనుకునే జబ్బులు రెండో అంతకన్నా ఎక్కువో ఉండాలి, ప్లాన్ ఉండాలి, కుటుంబం ఒప్పుకోవాలి. క్లినిక్ సిబ్బంది నెలలో 20 నిమిషాలు పనిచేస్తే 99490, ఆపై ప్రతి 20 నిమిషాలకీ 99439, నెలకి రెండుసార్లు మించకుండా. నెల మొత్తానికి ఒక్క డాక్టరే వేయాలి. 19 నిమిషాలైతే సున్నాయే. మిగిలినవి వచ్చే నెలలోకి కలుపుకోవడం కుదరదు. ఇవి మెడికేర్ (ముఖ్యంగా వృద్ధులకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) పెద్దవాళ్ల కోసం డబ్బు కట్టే కోడ్లు, 2015లో 99490తో మొదలైంది. పిల్లలకి మీ రాష్ట్ర మెడికెయిడ్ కడుతుందో లేదో ఫీ షెడ్యూల్ తెరిచి చూసి తర్వాతే ట్రాకర్‌లో పెట్టండి.

ట్రాన్సిషనల్ కేర్‌ది ముప్పై రోజుల గడియారం, డిశ్చార్జ్ అయిన రోజు నుంచి. రెండు పనిదినాల్లో కుటుంబంతో మాట్లాడాలి. కేసు చాలా క్లిష్టమైనదై ఏడు రోజుల్లో డాక్టరు చూస్తే 99496, ఓ మోస్తరుదై పద్నాలుగు రోజుల్లో చూస్తే 99495.

మన పాప మార్చి 9న డిశ్చార్జ్ అయిందనుకోండి. ముప్పై రోజులు ఏప్రిల్ 7తో అయిపోతాయి. అంటే ఆ గడియారం రెండు క్యాలెండర్ నెలల్లో కాలు పెట్టింది. మార్చిలో క్రానిక్ కేర్ కూడా వేయవచ్చా? ఒకప్పుడు కుదిరేది కాదు. 2020 నుంచి మెడికేర్, ఒకే నిమిషాన్ని రెండు చోట్ల లెక్కపెట్టకుండా ఉంటే, రెంటికీ ఒప్పుకుంది. మెడికెయిడ్ ప్లాన్లన్నీ దాని వెంటే నడవాలని ఏమీ లేదు. ప్లాన్ పాలసీ కాగితం చేతిలో లేకుండా రెండూ వేయకండి.

3. నెల మొదలుకాకముందే పెద్దదిక్కు ఎవరో తేల్చండి

ఇది బిల్లర్ పని కాదు, కానీ బిల్లర్ అడగకపోతే ఎవరూ చేయరు. ఇరవై నిమిషాల కాల్ చాలు. ఎర్లీ ఇంటర్వెన్షన్ కోఆర్డినేటర్, హెల్త్ హోమ్ లేదా టార్గెటెడ్ కేస్ మేనేజర్, క్లినిక్ నర్సు, కుదిరితే తల్లి. మూడు ప్రశ్నలకి జవాబు రావాలి. తల్లి ఏదైనా అడగాలంటే మొదట ఎవరికి ఫోన్ చేయాలి? ఏ పని ఎవరిది? ఈ నెల ఏ క్లెయిమ్ ఎవరు వేస్తారు?

పెద్దదిక్కుగా ఎవరుండాలన్నదానికి నా అభిప్రాయం నాకుంది. మూడేళ్లలోపు పిల్లలకి ఎర్లీ ఇంటర్వెన్షన్ కోఆర్డినేటరే ఉండాలి. ఐఎఫ్‌ఎస్‌పీ వాళ్ల చేతుల్లో ఉంటుంది, ఇంటికి వెళ్లేదీ వాళ్లే. ఆస్పత్రిలో చేరడం, ఆక్సిజన్, ట్యూబ్ మార్పులు ఇవే నెలంతా నడుస్తున్నప్పుడు మాత్రం వైద్యం వైపు వాళ్లకి అప్పగించడం మేలు. స్పీచ్ థెరపిస్టు అపాయింట్‌మెంట్ చూసే మనిషిని ఆక్సిజన్ కంపెనీతో తగువులాడమంటే ఆమెకీ కష్టం, పాపకీ కష్టం.

ఒకే నెలలో హెల్త్ హోమ్, టార్గెటెడ్ కేస్ మేనేజ్‌మెంట్ రెంటికీ డబ్బు కట్టేది లేదని రాష్ట్రం చెప్పినచోట రెంటిలో ఒకటి ఎంచుకోవాలి. ఎంచుకోవాల్సింది కుటుంబం, ఏజెన్సీ కాదు. కేస్ మేనేజర్‌ను ఎంచుకునే స్వేచ్ఛ ఫెడరల్ నియమంలోనే ఉంది. కేస్ మేనేజ్‌మెంట్ వద్దన్నంత మాత్రాన మిగతా మెడికెయిడ్ సేవలు ఆపకూడదు. ఎంచుకున్నాక తారీఖుతో సంతకం తీసుకుని రెండో ఏజెన్సీకి ఒక కాపీ పంపండి. మారడం నెల మధ్యలో కాకుండా ఒకటో తారీఖు నుంచి ఉండేలా చూసుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది.

అనుమతి కాగితాల దగ్గర చాలామంది పొరపడతారు. క్లినిక్కులు హిపా (వైద్య సమాచార గోప్యతా చట్టం) కింద, చికిత్స కోసం, బిల్లు కోసం సమాచారం ఇచ్చిపుచ్చుకోవడానికి అలవాటు పడి ఉంటాయి. ఎర్లీ ఇంటర్వెన్షన్ ఫైళ్లు అలా కావు. వాటికి చదువుల వైపు గోప్యతా నియమాలు వర్తిస్తాయి. క్లినిక్‌కో, ప్లాన్‌కో చూపించాలంటే తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి కావాలి. మెడికెయిడ్‌కి బిల్లు కోసం పాప వివరాలు పంపడానికీ అనుమతి అడగాలి. కోఆర్డినేటర్ ఐఎఫ్‌ఎస్‌పీ కాపీ పంపట్లేదని కోప్పడేముందు, తల్లి సంతకం ఉందా అని చూడండి.

4. పాపకొక నెల పేజీ

సాఫ్ట్‌వేర్ ఎంత పెద్దదైనా నేను ఇది ఎక్సెల్లోనే పెడతాను. ఒక పాప, ఒక నెల, ఒక పేజీ. అడ్డంగా పని, చేసే మనిషి, గడియారం, కోడ్, ఎవరికి బిల్లు. మన పాప మార్చి పేజీ ఇలా ఉంటుంది.

మార్చి 9న డిశ్చార్జ్. 10న క్లినిక్ నర్సు తల్లికి ఫోన్, మందుల జాబితా సరిచూడటం: క్లినిక్ పని, ట్రాన్సిషనల్ కేర్‌లోకి. 13న డాక్టరు చూడటం: అదే కోడ్‌లోకి. ఆక్సిజన్ కంపెనీ మార్చడం: క్లినిక్. ఆస్పత్రి వల్ల ఆగిన ఫిజియో విజిట్లు తిరిగి మొదలుపెట్టించడం: ఎర్లీ ఇంటర్వెన్షన్ కోఆర్డినేటర్, టి1017. ట్యూబ్ ఫీడింగ్ కోసం డైటీషియన్‌ను వెతకడం: ఇద్దరూ చేస్తామన్నారు. అదిగో, ఆ గడి దగ్గరే ఆగాలి. ఇద్దరూ చేస్తే ఇద్దరి నోట్లలోనూ ఒకే వాక్యం ఉంటుంది. ఆడిటర్ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తాడు. కాబట్టి కాల్‌లోనే తేల్చాలి: డైటీషియన్‌ను వెతికేది క్లినిక్, కుటుంబం అక్కడికి ఎలా వెళ్లాలో చూసేది కోఆర్డినేటర్.

పేజీలో ఒక గడి ఖాళీ ఉంచండి, ‘బిల్లు లేదు’ అని. బిల్లు కాని పనులు చాలా ఉంటాయి. పాపను కార్లో తీసుకెళ్లడం, థెరపీ చేయడం లాంటివాటిని కేస్ మేనేజ్‌మెంట్ గడిలో వేయకండి. సేవను స్వయంగా అందించడం కేస్ మేనేజ్‌మెంట్ కిందికి రాదని ఫెడరల్ చట్టం స్పష్టంగా చెబుతోంది. ఫోస్టర్ కేర్ వర్కర్ తన రోజువారీ పనిని ఇందులో బిల్లు వేయడం కుదరదు.

5. నోటు

క్లెయిమ్‌ను నిలబెట్టేదీ, పడగొట్టేదీ నోటే. టార్గెటెడ్ కేస్ మేనేజ్‌మెంట్ ఫైల్లో ఉండాల్సినవి ఫెడరల్ నియమం వరసగా చెప్పింది: పాప పేరు, సేవ తారీఖులు, ఏజెన్సీ, మనిషి పేరు, ఏం చేశారు, ఎన్ని యూనిట్లు, ప్లాన్‌లో అనుకున్నది నెరవేరిందా, కుటుంబం ఏదైనా వద్దందా, ఇతర కేస్ మేనేజర్లతో మాట్లాడారా, సేవలు ఎప్పటిలోగా దొరకాలి, ప్లాన్ మళ్లీ ఎప్పుడు చూడాలి.

మాకొచ్చే నోట్లలో ఎక్కువ ఇలా ఉంటాయి: “తల్లికి ఫోన్ చేశాను. కోఆర్డినేషన్ చేశాను. 26 నిమిషాలు.” దీని మీద టి1017 వేయవచ్చు, డబ్బూ రావచ్చు. రెండేళ్ల తర్వాత ఆడిటర్ అడిగితే మాత్రం చెప్పడానికి ఏమీ ఉండదు.

అదే పనిని ఇలా రాస్తే: “10.05 నుంచి 10.31 వరకు తల్లితో ఫోన్. ఐఎఫ్‌ఎస్‌పీ రెండో లక్ష్యం, ఆసరా లేకుండా కూర్చోవడం. ఆస్పత్రిలో ఉన్నందువల్ల ఫిజియో మూడు వారాలు ఆగింది. ఏజెన్సీతో మాట్లాడి మార్చి 17 నుంచి మళ్లీ మొదలయ్యేలా చూశాను. ఆక్సిజన్ గురించి తల్లి అడిగారు. అది క్లినిక్ నర్సు చూస్తున్నారని చెప్పి నంబరు ఇచ్చాను. మార్చి 24న మళ్లీ ఫోన్ చేస్తాను.” నాలుగు వాక్యాలు ఎక్కువ, అంతే. ఆక్సిజన్ వాక్యం చూశారా? నేను ఆ పని చేయలేదు, చేసేవాళ్ల దగ్గరికి పంపాను అని అది చెబుతోంది. రెండు క్లెయిములనీ కాపాడే వాక్యం అది.

మన క్యూఏ (నాణ్యత తనిఖీ) వాళ్లకి ఒక మాట. నోట్ బాగాలేదని దాన్ని మనమే తిరగరాయకూడదు, సరిచేయమని కోఆర్డినేటర్‌కి తిప్పి పంపాలి. మార్పు చేస్తే మార్చిన తారీఖు కనిపించాలి. నిన్నటి తారీఖుతో ఈ రోజు నోట్ కొత్తగా పుట్టకూడదు.

6. యూనిట్లు, మాడిఫయర్లు

పైన 26 నిమిషాలు ఉంది కదా. ఎనిమిది నిమిషాల లెక్క పాటించే చోట 8 నుంచి 22 వరకు ఒక యూనిట్, 23 నుంచి 37 వరకు రెండు. కాబట్టి రెండు యూనిట్లు. పూర్తి పదిహేను నిమిషాలు అయితేనే యూనిట్ అనే రాష్ట్రంలో ఒకటే. రోజంతా చేసిన కాల్స్‌ని కలిపి లెక్కపెట్టాలా, విడివిడిగానా అన్నదీ మాన్యువల్లోనే చూడాలి. రోజుకి ఒక యూనిట్ తేడా చిన్నదిగానే కనిపిస్తుంది. ఏడాదికి లెక్కేస్తే గుండె జారుతుంది.

మాడిఫయర్ అంటే కోడ్ వెనక తగిలించే రెండక్షరాల గుర్తు. టీఎల్ మాడిఫయర్ ఎర్లీ ఇంటర్వెన్షన్, ఐఎఫ్‌ఎస్‌పీ సేవలకి. టీఎం స్కూలు వైపు ఐఈపీకి, అంటే ప్రత్యేక విద్యా ప్రణాళికకి. ఈ రెండూ తారుమారైతే మూడేళ్లు నిండని పాపకి స్కూలు సేవ వేసినట్టవుతుంది. యూ1 నుంచి యూడీ వరకు ఉన్నవాటికి అర్థం రాష్ట్రమే ఇస్తుంది. పక్క రాష్ట్రం అకౌంట్ నుంచి కాపీ కొట్టకండి.

డయాగ్నసిస్ కోడ్ దగ్గర ఒక్క మాట. ఇద్దరు ప్రొవైడర్లూ ఒకే కోడ్ పెట్టినంత మాత్రాన డూప్లికేట్ కాదు, వేర్వేరు కోడ్లు పెట్టినంత మాత్రాన రెండు పనులూ కావు. నోటే చెబుతుంది.

7. ఎవరు ముందు కట్టాలి

మామూలుగా ప్రభుత్వ పథకాల్లో మెడికెయిడ్ అందరికన్నా చివర కడుతుంది. ఎర్లీ ఇంటర్వెన్షన్ దగ్గర ఒక మినహాయింపు ఉంది, దీన్ని గుర్తుపెట్టుకోండి. ఐఎఫ్‌ఎస్‌పీలో ఉన్న సేవ మెడికెయిడ్ కింద వచ్చేదైతే, మెడికెయిడ్ ముందు కడుతుంది, పార్ట్ సి డబ్బు ఆ తర్వాతే. పార్ట్ సి డబ్బు అన్ని దారులూ మూసుకున్నాక వాడుకునేదని చట్టం చెబుతుంది. కాబట్టి పాపకి ప్రైవేట్ ఇన్సూరెన్స్, మెడికెయిడ్ రెండూ ఉంటే వరస ఇది: ప్రైవేట్, మెడికెయిడ్, చివర పార్ట్ సి.

ప్రైవేట్ ఇన్సూరెన్స్‌ను ముట్టుకునే ముందు తల్లిదండ్రుల అనుమతి చూడండి. ఉద్యోగం వీసాల మీద ఉన్న మన కుటుంబాల్లో చాలామందికి కంపెనీ ఇన్సూరెన్సే ఉంటుంది. పాప సేవలు ఉచితం అన్నారు కదా, మరి ఇన్సూరెన్స్ నుంచి కాగితం ఎందుకు వచ్చింది అని కంగారుపడి ఫోన్ చేస్తారు. కోఆర్డినేషన్, ఎవాల్యుయేషన్, ఐఎఫ్‌ఎస్‌పీ తయారీ వీటికి వాళ్లు కట్టాల్సింది ఏమీ లేదు. థెరపీకి మాత్రం కొన్ని రాష్ట్రాలు ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకుంటాయి. ఈ తేడా ఫోన్లో నిదానంగా చెబితే, ఆ కుటుంబం తర్వాతి ఫారం మీద వణుకు లేకుండా సంతకం చేస్తుంది.

8. స్క్రబ్బర్ పాస్ అయింది కదా అని ధీమా వద్దు

ఇది నా సొంత అనుభవం. ఒక క్లయింట్‌కి నెలల తరబడి టి1017 క్లెయిములు శుభ్రంగా వెళ్లాయి, శుభ్రంగా డబ్బు వచ్చింది. స్క్రబ్బర్‌లో, అంటే క్లెయిమ్ వెళ్లేముందు తప్పులు చూసే సాఫ్ట్‌వేర్‌లో, ఎడిట్ (తప్పు హెచ్చరిక) ఒక్కటీ తగల్లేదు. టీమ్ మీటింగ్‌లో మాకు చప్పట్లు కూడా కొట్టారు. తర్వాత పేయర్ నుంచి ఒక జాబితా వచ్చింది. ఆ పిల్లల్లో కొందరికి అవే నెలల్లో హెల్త్ హోమ్ డబ్బు కూడా వెళ్లింది, మా క్లయింట్‌కి కట్టింది తిరిగి ఇవ్వాలని. ఆ రాష్ట్రంలో రెండూ కలిసి కుదరవు.

స్క్రబ్బర్ ఎందుకు పట్టుకోలేదు? మెడికెయిడ్‌లో 2010 అక్టోబరు నుంచి వచ్చిన ఎన్‌సీసీఐ జంట ఎడిట్లు (ఏ రెండు కోడ్లు కలిపి వేయకూడదో చెప్పే తనిఖీలు) ఒకే ప్రొవైడర్, ఒకే పేషెంట్, ఒకే తారీఖు మీద పనిచేస్తాయి. మన సమస్య వేరే ప్రొవైడర్, వేరే తారీఖు, ఒకే నెల. ఆ వల కన్ను వీటికి పెద్దది. అందుకే మేము సొంతంగా ఒక తనిఖీ పెట్టుకున్నాం. క్లెయిమ్ వెళ్లేముందు నెల పేజీ తెరవాలి, ఎలిజిబిలిటీ ఆ నెల ఒకటో తారీఖుకీ, సేవ తారీఖుకీ రెండుసార్లు చూడాలి, హెల్త్ హోమ్ గానీ వేయివర్ గానీ కొత్తగా కనిపిస్తే క్లెయిమ్ ఆపాలి. నెలవారీ క్లెయిములు నెల ముగిశాకే పంపాలి. 20వ తారీఖున పంపి 25న పాప ప్రోగ్రాం మారితే వెనక్కి తీసుకోవడం మన పనే అవుతుంది.

ఆపేటప్పుడు టైమ్‌లీ ఫైలింగ్ (క్లెయిమ్ పంపే గడువు) మర్చిపోవద్దు. ఫెడరల్ నియమం ఏడాది వరకు ఇస్తుంది, కానీ రాష్ట్రాలు, ప్లాన్లు అంతకన్నా తక్కువ పెట్టుకుంటాయి. ఆపిన క్లెయిములకి ఒక ఫోల్డర్ పెట్టి, వారానికోసారి తెరవండి.

9. డినయల్ వచ్చాక

డినయల్‌తో పాటు ఒక కారణం కోడ్ వస్తుంది. సీఓ-18 అంటే అచ్చంగా అదే క్లెయిమ్ మళ్లీ వచ్చిందని. ముందు మన సైడే చూడండి, రెండుసార్లు పంపి ఉంటాం. సీఓ-97 వేరే సర్వీసు పేమెంట్‌లోనే ఇది కలిసి ఉందని. బి20 అయితే ఆ సేవ వేరే ప్రొవైడర్ పూర్తిగానో, కొంతగానో చేశారని. మనం ఇంతసేపు మాట్లాడుకున్నది దీని గురించే. సీఓ-24 అయితే పాప మేనేజ్డ్ కేర్‌లో ఉంది, రాష్ట్రానికి కాక ప్లాన్‌కి పంపాలి లేదా క్యాపిటేషన్‌లోనే (తలకింత అని వచ్చే డబ్బులోనే) ఉంది. సీఓ-22 అయితే ముందు కట్టాల్సినవాళ్లు ఇంకొకరున్నారు.

బి20 మీద అప్పీల్ వేయాలా వద్దా? రెండో ఏజెన్సీ నోట్ చూడకుండా వేయకండి. తల్లి అనుమతితో వాళ్లతో ఒక కాల్ మాట్లాడండి. పనులు వేర్వేరని రెండు నోట్లూ చెబితే, నెల పేజీ జతచేసి అప్పీల్ వేయండి, గెలిచే అవకాశం ఉంటుంది. రెండు నోట్లూ ఒకే పని చెబితే ఆ డబ్బు వదులుకోండి. తల్లికి మాత్రం బిల్లు పంపకండి.

డబ్బు వచ్చాక డూప్లికేట్ అని మనకే తెలిస్తే, ఎవరూ అడగలేదు కదా అని కూర్చోకూడదు. ఎక్కువ వచ్చిందని గుర్తించిన 60 రోజుల్లో తిప్పి ఇవ్వాలని ఫెడరల్ చట్టం. దాటితే అది ఫాల్స్ క్లెయిమ్స్ చట్టం కిందికి పోవచ్చు. తెలిసిన రోజునే క్లయింట్‌కి మెయిల్ పెట్టండి, తారీఖు రికార్డులో ఉంటుంది. ఈ మెయిల్ రాయడం ఎవరికీ ఇష్టం ఉండదు. నాకూ లేదు. అయినా షిఫ్ట్ అయ్యేలోపు రాసేస్తాను.

10. మూడో పుట్టినరోజు

చాలా రాష్ట్రాల్లో ఎర్లీ ఇంటర్వెన్షన్ మూడో పుట్టినరోజుతో ఆగిపోతుంది. కనీసం 90 రోజుల ముందు ట్రాన్సిషన్ మీటింగ్ జరగాలి. అక్కడి నుంచి పాప స్కూల్ డిస్ట్రిక్ట్ చేతుల్లోకి పోతుంది. పెద్దదిక్కూ మారుతుంది, మాడిఫయర్ మారుతుంది, కొన్నిచోట్ల పేయర్ కూడా మారుతుంది. ట్రాకర్‌లో పుట్టినతేదీ పక్కన రెండు కాలమ్స్ పెట్టండి: మూడో పుట్టినరోజు, దానికి 90 రోజుల ముందు తారీఖు. రెండో తారీఖు దగ్గరపడగానే కోఆర్డినేటర్‌కి మెయిల్ వెళ్లాలి. మొదటి తారీఖుకి ముందురోజు మీ రాష్ట్రంలో చివరి సేవ రోజైతే, టీఎల్‌తో ఉన్న ఏ క్లెయిమ్ అయినా ఆ రోజు దాటితే సిస్టమే ఆపేలా పెట్టుకోండి. అడ్జస్టెడ్ ఏజ్ (పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కేసే వయసు) గురించి అడుగుతారు, ఎందుకంటే నెలలు నిండకుండా పుట్టిన పిల్లల ఎదుగుదలను అలాగే లెక్కగడతారు. బిల్లింగ్‌లో మాత్రం అసలు పుట్టినతేదీయే. మన పాప మూడు నెలలు ముందు పుట్టిందని చట్టం ఆమెకు మూడు నెలలు ఎక్కువ ఇవ్వదు.